నూకరత్నం వరుసలో సున్నాలు

కంప్యూటర్ గదిలోకి వెళ్లేముందు చెప్పులు బయట విప్పే అలవాటు నాకింకా పోలేదు. ఇంజనీరింగ్ కాలేజీలో దాదాపు ముప్పయ్యేళ్లు సి భాష పాఠం చెప్పాను. పిల్లలు బూట్లతో టకటకమంటూ ల్యాబులోకి వచ్చేసేవాళ్లు. నేను మాత్రం గుమ్మం దగ్గర ఆగి, చెప్పులు విప్పి, గోడవారగా పెట్టి లోపలికి వెళ్లేవాణ్ణి. "సారు గుళ్లోకి వెళ్తున్నారు రోయ్" అని వెనకనుంచి ఎవడో ఒకడు అనేవాడు. రిటైరయ్యాక ఆ మాటా వినబడటం మానేసింది. అందుకే పోయిన నెల ఉప్పాడ దారిలో, సముద్రానికి దగ్గరగా ఉండే గంగాలమ్మపేటలో, కొత్తగా సున్నం వేసిన ఒక గది ముందు ఇరవై జతల ఆడపిల్లల చెప్పులు వరసగా విప్పి ఉండటం చూసి, ఆ వరస చివర నా జత కూడా విప్పి పెట్టాను.

ఆ గది నూకరత్నంగారిది. ఆ పేటలో పుట్టి, అక్కడే పదిమందికి కంప్యూటర్ నేర్పుతున్న మనిషి. అంతకు వారం ముందు ఫోన్ చేసి, "రాజుగారూ, కొత్త ల్యాబులో మొదటి పాఠం మీరు చెప్పాలండి. మోకాళ్ల నొప్పులని తప్పించుకుంటే ఊరుకోను" అన్నారు. వస్తానన్నాను. ఫోన్ పెట్టేశాక మా ఆవిడ కాఫీ తెచ్చి ఎదురుగా పెట్టినా చల్లారిపోయేదాకా ముట్టుకోలేదు. ఎందుకంటే నూకరత్నంగారి కథ నేను ప్రతి ఏడాదీ క్లాసులో చెప్పేవాణ్ణి. ఆ పాఠం వచ్చినప్పుడల్లా పిల్లలు ఒళ్లంతా చెవులు చేసుకుని వినేవాళ్లు. ఆ కథలో తప్పు చేసి నోరు మూసుకున్న కుర్రాడొకడు ఉంటాడు. వాడి పేరు మాత్రం ఏ ఏడాదీ చెప్పలేదు. వాడు సుబ్బరాజు. నేనే.

మాది భీమవరం దగ్గర పల్లె. డిగ్రీ అయ్యాక నేను చెరువు గట్ల మీద స్నేహితులతో తిరుగుతుంటే చూడలేక మా నాన్న పిఠాపురంలో ఉన్న పెద్దమ్మ ఇంటికి పంపాడు, అక్కడ కంప్యూటర్ నేర్పుతున్నారని ఎవరో చెబితే. పెద్దమ్మ ఇల్లు పొద్దున్నే కొబ్బరి మట్టల పొగతో నిద్రలేచేది. ఆ పొగలోంచి కాఫీ వాసన, దాని వెనకే పెరట్లో తడి మట్టి వాసన. వంటింటి పక్కన సామాన్ల గది ఉండేది. అందులో ఒకే కొలత డబ్బాలు రెండు బారుల నిండా. ఒక్కదాని మీద కూడా పేరు రాసి ఉండేది కాదు. ఏ డబ్బాలో ఏముందో పెద్దమ్మకే తెలుసు. "ఫలానాది తేరా" అని పంపేటప్పుడు డబ్బా ఎక్కడుందో చెప్పి ఊరుకునేది కాదు, దేంతో తియ్యాలో కూడా చెప్పేది. "పై బారులో మూడోది, సోలతో తియ్యి. కింద చివరిది, చెంచాతో తియ్యి, ఎక్కువ తియ్యకు." ఒకసారి చెంచాతో తియ్యాల్సిన ఇంగువ పొడి సోలతో తెచ్చాను. ఆ రోజు పప్పు వీధి చివరిదాకా వాసన కొట్టింది. పెద్దమ్మ తిట్టలేదు. "చూసి తియ్యమని నేను అనలేదురా, చెప్పినట్టు తియ్యమన్నాను" అంది. ఆవిడ చదువుకోలేదు గానీ, నేను తరవాత ముప్పయ్యేళ్లు చెప్పబోయే పాఠం మొదట చెప్పింది ఆవిడే.

పెద్దనాన్నకి ఇంకో అలవాటు. ఎవరు గుమ్మం ఎక్కినా, ఎక్కకముందే, "ఎవరి తాలూకా?" అని అడిగేవాడు. జవాబును బట్టి మిగతాదంతా నిర్ణయమయ్యేది. కుర్చీయా, బల్లా, పెరటి గట్టా. గారూ అనాలా, నువ్వు అనాలా, ఏమే అనాలా. రోజూ మాకు చేపలు తెచ్చే చిట్టెమ్మ పెద్దమ్మ కన్నా పెద్దది. అయినా పెద్దనాన్నకి ఆవిడ "ఏమే"యే. తట్ట దింపి, కొంగుతో మెడ తుడుచుకుని, పెరటి గట్టు మీద కూర్చునేది. ఆవిడకి మంచినీళ్లిచ్చే గ్లాసు వేరుగా గోడ మీద బోర్లించి ఉండేది. ఆ గ్లాసు నాకు రోజూ కనిపించేది. ఎందుకు వేరుగా ఉందని ఒక్క రోజూ అడగలేదు. అడగాలని తోచకపోవడం కూడా ఒక తప్పేనని తెలియడానికి నాకు చాలా కాలం పట్టింది.

కంప్యూటర్ సెంటరు ఒక ఎరువుల దుకాణం మీద మేడలో ఉండేది. మెట్లెక్కుతుంటే పురుగుమందు వాసన కూడా వెంటే ఎక్కేది. పైన రెండు గదులు. ఒక దాంట్లో బెంచీలు, నల్లబల్ల. రెండో దాంట్లో ఏసీ, నాలుగు యంత్రాలు, వాటి మీద గుడ్డ ముసుగులు. దుమ్ము పడితే పాడైపోతాయని చెప్పులు మెట్ల మీదే విప్పించేవారు మా ప్రకాశం మాస్టారు. యంత్రం ముందు ఇద్దరికి కలిపి గంట సేపే. అందుకని ప్రోగ్రాం అంతా ముందు నోటుపుస్తకంలో రాసుకుని, తప్పులు దిద్దుకుని, అప్పుడు లోపలికి వెళ్లాలి. జతలు మాస్టారే కలిపేవారు. నాకు జతగా చిట్టెమ్మ కూతురు నూకరత్నాన్ని వేశారు. పెరటి గట్టు మీద కూర్చునే మనిషి కూతురు నా పక్క కుర్చీలో కూర్చుంటుందని ఇంట్లో చెప్పలేదు. ఆమెతో కూడా నేను "నువ్వు" అనే మాట్లాడేవాణ్ణి. ఆమె నన్ను "మీరు" అనేది. ఇద్దరిదీ ఒకే వయసు.

ఒకనాడు printf పాఠం. యంత్రం దాచుకున్నదాన్ని తెర మీదో కాగితం మీదో అచ్చు వెయ్యమని చెప్పే ఆజ్ఞ అది. ఏది అచ్చు వెయ్యాలో చెబితే చాలదు. దాన్ని ఎలా చదవాలో ఒక గుర్తు కూడా ఇవ్వాలి. మామూలు పూర్ణసంఖ్య అయితే %d, పెద్ద సంఖ్య అయితే %ld, దశాంశాలుంటే %f, పేరు అయితే %s. మాస్టారు బల్ల మీద రాస్తూ పోతుంటే నూకరత్నం లేచి నిలబడింది.

"మాస్టారండీ, అది పూర్ణసంఖ్యని పైన ఒకసారి చెప్పాం కదండీ. కింద మళ్లీ %d అని ఎందుకు చెప్పాలండీ? దానికి గుర్తుండదా?"

నేను వెనక్కి తిరక్కుండానే, "మీ పేటలోవాళ్లలాగే దానికీ రెండుసార్లు అరిస్తే గానీ వినబడదులే" అన్నాను. బెంచీలన్నీ నవ్వాయి. మాస్టారు కూడా ముసిముసిగా నవ్వి, "పరీక్షకి అక్కర్లేదమ్మా, రాసుకో" అన్నారు.

"పరీక్షకి కాదండి, నాకు అక్కరండి" అని కూర్చుంది.

ఆమెకి నిజంగానే అక్కర. వాళ్ల నాన్న సత్తియ్య తండేలు, అంటే పడవ నడిపించే పెద్ద. కూతురు సెంటరుకి రావడానికి అరమనసుతో ఒప్పుకున్నాడు. "ఈ నెలాఖరుకి ఊళ్లో నలుగురికీ పనికొచ్చేది ఏదన్నా సేసి సూపించు. లేదంటే ఎండుచేపల కాడ మీ అమ్మకి సాయముండు" అన్నాడట. ఆమె ఆలోచించుకుని ఒక పని ఎంచుకుంది. గాలి మారినప్పుడల్లా పేటలో ఎవరి పడవలు సముద్రం మీద ఉన్నాయో, ఏ పడవలో ఎంతమంది ఉన్నారో తెలియక ఆడవాళ్లు ఒడ్డు పొడుగునా పరిగెత్తి అడుగుతుంటారు. అలా కాకుండా, వెళ్లిన పడవల జాబితా అచ్చు వేసి గంగమ్మ గుడి గోడకి అంటిస్తే? పడవ నంబరు, మనుషులు, ఎన్నాళ్లకి వెళ్లారు, తండేలు పేరు. నాలుగు నిలువు వరుసలు. మాస్టారు అదే మా ఇద్దరి ప్రాజెక్టుగా ఒప్పుకున్నారు.

ప్రోగ్రాం దాదాపు ఆమే రాసింది. నేను టైపు చేశాను. పైన పేర్ల దగ్గర నా పేరు ముందు పెట్టుకున్నాను. పేటకి వెళ్లేముందు రోజు నాకో తెలివి పుట్టింది. ఆ రోజుల యంత్రాల్లో మామూలు పూర్ణసంఖ్యలో ముప్పై రెండువేల చిల్లర దాటితే పట్టదు. రేపెప్పుడైనా అంతకన్నా పెద్ద నంబరు పడవ వస్తే? మాస్టారు మెచ్చుకుంటారని, నూకరత్నానికి చెప్పకుండా, పడవ నంబరుని పెద్ద సంఖ్యగా మార్చాను. పైన మార్చాను, నంబరు చదువుకునే చోట మార్చాను. అచ్చు వేసే చోట మాత్రం %d ని అలాగే వదిలేశాను. ఒకసారి నడిపి చూశాను. నంబర్లన్నీ సరిగ్గా వచ్చాయి. అవి నా వరుస. పక్క వరుసల మీదికి చూపు పోనివ్వకుండా ప్రింటు తీసి చుట్ట చుట్టి, యంత్రం కట్టేసి వచ్చేశాను. నా వరుస నాకు బాగుంటే చాలుననుకునే గుణం అప్పటికే నాలో బాగా పాతుకుపోయి ఉంది.

మర్నాడు పొద్దున్న కాగితం చుట్ట చంకలో పెట్టుకుని బస్సులో పేటకి వెళ్లాను. వలలు బాగుచేసుకునే పాక కింద ఊరంతా కూర్చుని ఉంది. చిట్టెమ్మ ఆ రోజు తట్ట ఎత్తలేదు. ఊరిపెద్ద పోలయ్య నాకు కుర్చీ వేయించి, "రాజుగారబ్బాయండి, మీరే సదవండి" అన్నాడు. నూకరత్నం స్తంభాన్ని ఆనుకుని నిలబడి ఉంది. కొత్త ఓణీ వేసుకుంది. పడవలన్నీ అప్పటికి సముద్రం మీద ఉన్నాయి. కూతురు చేసింది చూడాలని సత్తియ్య మాత్రం తన పడవని తనవాళ్లకి అప్పగించి ఒడ్డునే ఆగాడు.

కాగితం విప్పి గొంతు సవరించుకుని మొదటి పడవ అందుకున్నాను. "నాలుగువేల నూట పన్నెండో నంబరు పడవ. మనుషులు..." అని ఆగిపోయాను.

"ఎంతమందండి?" అన్నాడు పోలయ్య.

"సున్నా" అన్నాను. కిందికి చూశాను. అన్ని పడవలకీ సున్నాలే. పేర్ల చోట కొన్నిటికి ఖాళీ, కొన్నిటికి ఎక్కడివో ఇంగ్లీషు ముక్కలు.

పాక కింద ఒక ముసలావిడ గట్టిగా గుండె మీద కొట్టుకుంది. సముద్రం మీద బిడ్డలుండగా పడవలో మనుషులు సున్నా అని ఊరి నడుమ పైకి చదివినవాణ్ణి నేను. "గంగమ్మ తల్లీ! నోటంట ఆ మాట ఎలాగొచ్చిందండీ?" అని పోలయ్య లేచి నిలబడ్డాడు. అందరి చూపులూ నా మీద పడ్డాయి. ఆ బరువు ఎంతోసేపు మొయ్యలేదు నేను.

"మనుషుల వరుస రత్నం చేసిందండి. నంబర్లు నావి. అవి సరిగ్గానే ఉన్నాయి, చూసుకోండి" అన్నాను.

ఆమె నా వైపు చూడలేదు. కాగితం వైపే చూస్తోంది. సత్తియ్య వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని, "పద. అయిపోయింది నీ సదువు" అన్నాడు.

సాయంత్రానికి పడవలన్నీ క్షేమంగా ఒడ్డు చేరాయి. అయినా కంప్యూటరు మనుషుల్ని మింగేసిందన్న మాట మర్నాటికల్లా పిఠాపురం సంతదాకా పాకింది. మర్నాడు పొద్దున్న సెంటరు తలుపులు తీసేసరికే నేను మెట్ల మీద ఉన్నాను. ఫైలు తెరిచాను. నిమిషం పట్టలేదు. నేను మార్చిన చోటా, మార్చని చోటా కళ్లకి కట్టినట్టు కనబడ్డాయి. అప్పుడు చెయ్యాల్సింది ఒక్క అక్షరం చేర్చి, ప్రింటు తీసి, బస్సెక్కి పేటకి వెళ్లడం. నేను చేసింది వేరు. పైన ఉన్న రెండు పేర్లలో నాది చెరిపేసి, ఫైలు దాచి, మూసేశాను. "ఆ అమ్మాయి ఎక్కడో పొరబడిందోయ్" అని మాస్టారంటే తలూపాను.

ఇంటికి వచ్చేసరికి చిట్టెమ్మ పెరటి గట్టు మీద ఉంది. పెద్దనాన్న పడక్కుర్చీలోంచి, "ఏమే, మీ అమ్మాయి ఊరందర్నీ మాయం చేసిందంటగా!" అని నవ్వాడు. ఆవిడ తట్ట మీద తడిగుడ్డ సరిచేసుకుంది. ఆ మధ్యాహ్నం వంజరం పులుసు. నేను రెండోసారి వడ్డించుకుని తిన్నాను. ఎంత కారంగా ఉందో, ఎంత బాగుందో ఇప్పటికీ గుర్తుంది. గొంతు దిగకపోతే బాగుండేది. హాయిగా దిగింది.

మూడో రోజు మేం క్లాసులో ఉండగా మెట్ల మీద చేపల వాసన వచ్చింది. నూకరత్నం. అమ్మకి జ్వరమని తట్ట తనే ఎత్తుకుని పిఠాపురం వచ్చింది. తట్ట ఎరువుల దుకాణం అరుగు మీద దింపి పైకి వచ్చింది. చెప్పులు లేవు, కాళ్లకి ఇసుక. గుమ్మం బయటే ఆగి, "మాస్టారండీ, పది నిమిషాలు యంత్రం ఇస్తారాండీ? చేపలు పాడైపోతాయి, ఎక్కువసేపు ఉండనండి" అంది.

ముందు బెంచీలో ఒకడు ముక్కు మూసుకున్నాడు. మాస్టారు వాడి వైపు ఒక చూపు చూసి, ఏసీ గది తలుపు తీశారు. మేమంతా వెనకే వెళ్లి నిలబడ్డాం.

ఫైలు తెరిచి, తెర పైభాగాన ఒక్క క్షణం ఆగింది. తరవాత జాబితాలోంచి ఒకే ఒక్క పడవ ఉంచి, మనుషులు ఆరు, రోజులు రెండు అని ఇచ్చి నడిపింది. మనుషుల చోట సున్నా వచ్చింది, రోజుల చోట ఆరు వచ్చింది. మనుషులు తొమ్మిది అని ఇచ్చి మళ్లీ నడిపింది. మళ్లీ సున్నా, పక్కన తొమ్మిది. కుర్చీలో వెనక్కి వాలి గట్టిగా నవ్వింది. ఆ గదిలో అలా ఎవరూ నవ్వగా నేను వినలేదు.

"నా మనుషులు ఎక్కడికీ పోలేదండి! ఒక గది పక్కకి జరిగారంతే!"

"జరగడమేంటమ్మా?" అన్నారు మాస్టారు.

"మా అమ్మ తట్ట మీద తడిగుడ్డ కప్పి ఉంటుంది కదండీ. లోపల ఏముందో చూడకుండా చెయ్యి పెట్టి, అడిగినంత తీస్తుందనుకోండి. లోపల వరసలో ముందున్నది పెద్ద పీత. అది రెండు చోట్లు ఆక్రమించి కూర్చుంది. మనమేమో ఒక చోటంత తియ్యమన్నాం. సగం పీతే వచ్చింది. ఆ మిగిలిన సగం ఎవరికి పోతుందండీ? తరవాత సంచీ పట్టుకుని నిలబడ్డవాడికి! వాడికి రావాల్సింది వాడి వెనకవాడికి. అందరికీ తారుమారు. ముందున్నవాడి సంచీలో మాత్రం ఏదో పీతలాగే కనిపిస్తుంది. వాణ్ణి ఎవరూ అనుమానించరు." తెర మీద మొదటి %d దగ్గర వేలు పెట్టింది. "పైన ఏం చెప్పామో ఇక్కడ యంత్రానికి గుర్తుండదండి. మనం చెప్పినంతే తీస్తుంది. ఆ రోజు నేను అడిగింది ఇదేనండి."

l అని ఒక్క అక్షరం కొట్టింది. పడవలన్నీ తిరిగి చేర్చి, ప్రింటరు మీట నొక్కింది. ఆ పాత ప్రింటరు చీరలు చింపినట్టు చప్పుడు చేసేది. ఆ చప్పుడులో కాగితం మీద మనుషులు ఒక్కొక్కరే వచ్చారు. ఆరుగురు, ఏడుగురు, అయిదుగురు. పేర్లతో సహా. ప్రకాశం మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుని, "నాకు కూడా ఇప్పుడే అర్థమైందమ్మా" అన్నారు. ముక్కు మూసుకున్నవాడే ముందు చప్పట్లు కొట్టాడు. నేనూ కొట్టాను. ఏ ముఖం పెట్టుకుని కొట్టానో అడగకండి.

తప్పు ఎవరిదని మాస్టారు అడగలేదు. ఆమె చెప్పలేదు. నేను చెప్పడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు. ఊరుకున్నాను.

ఆ వారమే పేటలో అదే జాబితాని రెండోసారి చదివారు. మాస్టారు పట్టుబట్టి పోలయ్యని ఒప్పించారు. ఈసారి కుర్చీ నాకు వెయ్యలేదు. జనం వెనక, వలల కుప్ప పక్కన నిలబడ్డాను. నూకరత్నం తనే చదివింది. "నాలుగువేల నూట పన్నెండు. మనుషులు ఆరుగురు. రెండు రోజులు. తండేలు సత్తియ్య" అనగానే చిట్టెమ్మ "ఆఁ, మాదే!" అని అరిచింది. తరవాతి పడవకి ఇంకొకావిడ. ఆ తరవాతి దానికి ఒక ముసలాయన. పేరు పేరునా పలుకుతుంటే పాకంతా తిరనాళ్లలా అయిపోయింది. చివరి పడవ చదివాక పోలయ్య లేచి, "వారం వారం ఈ కాయితం గుడి గోడకి పడాలి. పిల్లని ఎవడన్నా ఆపితే నాతో సెప్పండి" అన్నాడు. సత్తియ్య ఎవరికీ కనబడకుండా కళ్లు తుడుచుకున్నాడు గానీ నేను చూశాను. ఆ యేటి వానాకాలంలో ఒకరోజు గాలి ఉన్నట్టుండి తిరిగింది. ఆ రోజు ఒడ్డున ఎవరూ పరిగెత్తలేదట. గోడ దగ్గరికి వెళ్లి మూడు పడవలు, పంతొమ్మిదిమంది అని లెక్క చూసుకుని, అందరూ దిగేదాకా ఒక్కొక్క పేరే కొట్టేసుకుంటూ నిలబడ్డారట. పంతొమ్మిదిమందీ దిగారు.

నూకరత్నం ఆ సెంటరులోనే మాస్టారి పక్కన పాఠాలు చెప్పింది. నేను పై చదువుకి వెళ్లాను, లెక్చరరునయ్యాను. తరవాత ఎప్పుడు కలిసినా "నూకరత్నంగారూ, మీరు" అనే అన్నాను. అది మర్యాద అనుకున్నారు అందరూ. సగం భయం. పెద్దనాన్నదీ నాదీ ఒకటే జబ్బు అని క్రమంగా తెలిసింది. మనిషిని చూడకముందే ఎలా చదవాలో గుర్తు నిర్ణయించేసుకున్నాం. లోపల ఎంత ఉన్నా మేం పెట్టిన గుర్తుకి పట్టినంతే మాకు కనిపించింది. మిగిలినదాన్ని పక్కవాళ్ల నెత్తిన వేశాం.

కొత్త ల్యాబులో ఆ రోజు తెల్లబోర్డు మీద పాత వరుస మళ్లీ రాశాను. printf, మొదట %d, తరవాత మిగతావి. నా ఎదురుగా ఇరవైమంది ఆడపిల్లలు, వెనక గోడకి అద్దం కట్టించిన, పేటలో రెండోసారి చదివిన ఆ కాగితం, దాని కింద కుర్చీలో నూకరత్నంగారు. జుట్టు తెల్లబడింది, నవ్వు అదే. ముప్పయ్యేళ్లు చెప్పిన కథే చెప్పాను. చివరికి వచ్చేసరికి, "ఆ కుర్రాడి పేరు సుబ్బరాజు. అది నేను. పేరు చెరిపేసింది కూడా నేనే" అన్నాను. వెనక కుర్చీ వైపు చూశాను. "నూకరత్నంగారూ, మీ ఊరి ముందు, మీ అమ్మానాన్నల ముందు మీ మీద వేశాను. క్షమించమని అడగడానికి కూడా వాళ్లు బతికి ఉన్నప్పుడు రాలేదు."

ఆవిడ లేచి వచ్చి, నా చేతిలో మార్కరు తీసుకుని, నా ముందు స్టూలు జరిపారు. "కూర్చోండి, మోకాళ్లు. నాకు మూడో రోజే తెలుసండి రాజుగారూ."

"ఎలాగ?"

"ఫైలు తెరిచానా, పైన నా పేరొక్కటే ఉంది. ఎప్పుడూ మీ పేరు ముందు పెట్టుకునే మనిషి కదా మీరు! తప్పు మొదటి వరుసలో వెతకాలని అక్కడే అర్థమైపోయింది."

పిల్లలు పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. "మరి అప్పుడే నిలదీయలేదేం?"

"కింద అరుగు మీద చేపలున్నాయండి. ఉన్నది పది నిమిషాలు. మిమ్మల్ని పట్టుకోవాలా, తప్పుని పట్టుకోవాలా?"

"తరవాత ఇన్నేళ్లు ఉందిగా?"

"తరవాత మీరే చెబుతారని చూశాను. బాగా ఆలస్యం చేశారు" అని, అంతలోనే మెత్తగా, "మా అమ్మకి చెప్పలేదు లెండి. తెలిస్తే మీ పెద్దమ్మకి కుళ్లిన చేపలు వేసేది" అన్నారు.

ముందు వరుసలో దేవి అనే పిల్ల అప్పటికే కథలోలాగే పడవ నంబరుని పెద్ద సంఖ్యగా పెట్టి, నేను బోర్డు మీద రాసిన వరుసని కొత్త యంత్రంలోకి ఎక్కించేసింది. పడవలు కూడా ఆ పిల్లల నాన్నలవీ అన్నలవీ, ఆ రోజు నిజంగా సముద్రం మీదున్నవే. "సార్, ఇటు చూడండి!" అని అరిచింది. తెర మీద నా %d కింద రంగు గీత, పక్కన హెచ్చరిక. ఇక్కడ చెప్పిన గుర్తు వేరు, ఇచ్చిన సంఖ్య వేరు అని. మా కాలంలో అలా చెప్పే నాథుడు లేడు. ఆ పిల్ల హెచ్చరికని లెక్కచెయ్యకుండా నడిపేసింది. మనుషుల వరుసలో సున్నాలు రాలేదు. ఈ యంత్రాల్లో చిన్న సంఖ్యకీ పెద్ద సంఖ్యకీ కూడా విడివిడిగా సరిపడా గది ఉంటుంది. ఒకరి మిగులు ఇంకొకరి గదిలోకి జారదు.

"సార్, ఇప్పుడు మీ తప్పు పక్కోళ్లకి అంటట్లేదండి!" అంది దేవి.

"కానీ మిమ్మల్ని మాత్రం పట్టేసిందండి" అంది దాని పక్క పిల్ల.

ఆ రెండు మాటల్లో అప్పటికీ ఇప్పటికీ తేడా అంతా ఉంది. యంత్రాల సంగతేనా అంటే, కాదు. ఆ రోజు ఆ పేటలో నేను మంచినీళ్లు తాగిన గ్లాసు అందరూ తాగిన గ్లాసే. నా పెద్దమ్మ ఇంటి గోడ మీద బోర్లించిన గ్లాసు గుర్తొచ్చి, ఆ నీళ్లు మాత్రం గొంతు దిగడానికి కష్టమైంది. అలా కష్టమైనందుకు సంతోషించాను.

దేవిని లేపి ఆ కుర్చీలో కూర్చుని, మొదటి గుర్తులో l చేర్చాను. రంగు గీత మాయమైంది. పైకి వెళ్లి, రాసినవాళ్లు అన్నచోట నూకరత్నం అని కొట్టాను. దాని కింద, తప్పు చేసినది సుబ్బరాజు అని కొట్టాను. ప్రింటరు ఇప్పుడు చప్పుడు కూడా చెయ్యలేదు, కాగితం వెచ్చగా చేతిలోకి వచ్చింది.

"మొదటి పడవ మీరే చదవండి" అన్నారు నూకరత్నంగారు.

లేచి నిలబడ్డాను. నంబరు చదివాను. "మనుషులు..." అన్నాను. కాగితం మీద అంకె స్పష్టంగానే ఉంది, నాకే కనబడలేదు.

ఇరవై గొంతులు ఒక్కసారిగా, కిటికీ అద్దాలు అదిరేలా అందుకున్నాయి: "ఏడుగురండీ!"